నామకార్థ క్రైస్తవుడు

మా తాతయ్య ప్రార్థన చాలా చిన్నది. కూడిక చివర ఎవరైనా "పెద్దవారు, మీరు ప్రార్థించి ముగించండి" అని అడిగితే ఆయన లేచి, కళ్లద్దాలు సవరించుకుని, ఇంగ్లండు సంఘం నుంచి వచ్చిన ప్రార్థనా పుస్తకంలో ఆ రోజుకు నిర్ణయించిన నాలుగు వాక్యాలు చదివి, "ఆమేన్" అని కూర్చునేవారు. కన్నీళ్లు లేవు, గొంతు వణకడం లేదు, చేతులు పైకెత్తడం అసలే లేదు. యౌవనస్థుల కూడికలో ఆయన తరం వారందరికీ కలిపి ఒకే పేరు ఉండేది: నామకార్థ క్రైస్తవులు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు దాని అర్థం నాకు తెలియదు గాని, అన్న తీరును బట్టి అది పొగడ్త కాదని మాత్రం తెలిసింది. పైకి భక్తిగలవారిలా ఉండి భక్తి తాలూకు శక్తిని ఆశ్రయించని వారి గురించి పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో చెప్పిన మాటను ఆ కూడికలో తరచుగా చదివేవారు. చదివేటప్పుడు ఎవరూ ముందు వరుసల వైపు తిరిగి చూసేవారు కాదు గాని, అందరి మనసుల్లోనూ ఆ ముందు వరుసలే ఉండేవి.

తాతయ్య కూర్చునేది ముందు నుంచి రెండో వరుసలో, ఎడమవైపు చివర. శనివారం సాయంత్రమే బూట్లు పాలిష్ చేసుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, బైబిలునూ ప్రార్థనా పుస్తకాన్నీ ఒకదానిమీద ఒకటి బల్లమీద పెట్టుకునేవారు. ఆదివారం మొదటి గంట మోగేసరికి ఆయన తన చోట ఉండేవారు. వేషం, వేళ, వరుస అన్నీ ఎప్పుడూ ఒక్కలాగే ఉండే ఆ మనిషిని చూసి, ఈయన భక్తి అంతా ఈ క్రమంలోనే అయిపోయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆయన కూడా ఎవరి అభిప్రాయాన్నీ మార్చడానికి ప్రయత్నించలేదు.

ఆరాధన ముగిశాక కానుకలు లెక్కపెట్టే పని ఆయనది. ఆ పనికి ఎప్పుడూ రెండో మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి రావడం ఆలస్యమైతే సంచి ముడి విప్పకుండా, బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు తప్ప ఒక్క నాణెం కూడా బయటికి తీసేవారు కాదు. ఆకలితో విసుగెత్తి ఒకసారి, "తాతయ్యా, నువ్వు తీసుకుంటావని ఎవరైనా అనుకుంటారా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి నా ముందు పెట్టారు. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం సంఘాలు కూర్చిన విరాళాన్ని పంపేటప్పుడు పౌలు, తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరులను కూడా వెంట పంపుతున్నాడు. ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని దానికి కారణం చెబుతున్నాడు. "పౌలుకే సాక్షి కావలసి వచ్చినప్పుడు నాకు అక్కర్లేదా?" అన్నారు తాతయ్య. మనుషులు చూడాలని చేసేదంతా వేషధారణే అని యౌవనస్థుల కూడికలో విని వచ్చిన నాకు, మనుషులు చూసి తీరవలసిన పనులు కూడా కొన్ని ఉంటాయన్న సంగతి ఆ బల్ల దగ్గరే మొదట తెలిసింది.

ఆ కూడికను నడిపించినది మాకంటే బాగా పెద్దవాడైన ఒక యువకుడు. అందరం ఆయన్ను అన్న అనే పిలిచేవాళ్లం. ఇక్కడా ఆయన అన్నగానే ఉండనివ్వండి. ఆయన గురించి రాసేటప్పుడు ఎగతాళికి దిగడం చాలా సులువు గాని అది న్యాయం కాదు. మాలో చాలామందికి బైబిలు చదివే అలవాటు చేసింది ఆయనే. సండేస్కూల్ పరీక్ష కోసం వాక్యాలు కంఠతా పట్టే పిల్లలకు, ఆ వాక్యం తమ గురించే మాట్లాడుతోందని తోచేలా చెప్పగలిగిన గొంతు ఆయనది. యెష్షయి ఇంట్లో సమూయేలు పెద్దకొడుకు ఏలీయాబు రూపాన్నీ ఎత్తునూ చూసి యెహోవా అభిషేకించేది ఇతడినేనని అనుకోవడం, మనుష్యులు పైరూపాన్ని లక్ష్యపెడతారు గాని తాను హృదయాన్ని లక్ష్యపెడతానని దేవుడు చెప్పడం, ఏడుగురు కొడుకులు దాటిపోయాక గొర్రెల దగ్గరున్న చిన్నవాడైన దావీదు కోసం మనిషిని పంపడం, ఇదంతా ఆయన చెబుతుంటే ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

ఆయన సాక్ష్యం కూడా మాకు కంఠతా వచ్చేది. అయితే ఏడాదికేడాది ఆయన పూర్వపు పాపాలు పెద్దవవుతూ, మారుమనస్సు పొందిన రాత్రి మరింత చీకటి రాత్రి అవుతూ వచ్చేది. అది అబద్ధమని నేను అనను. వింటున్నవారి ముఖాల్లో ఏ మాట దగ్గర కదలిక వస్తుందో చూసి చూసి, ఆ మాట దగ్గర ఆగడం ఆయన నాలుకకు అలవాటై ఉంటుంది. అనేకసార్లు సాక్ష్యం చెప్పవలసి వచ్చిన ఏ మనిషికైనా ఇది పొంచి ఉండే ప్రమాదమే. దేవుడు చేసిన మేలును చెప్పడానికి లేచిన మనిషి, తనకు తెలియకుండానే, ఆ మేలు పొందిన తన గురించి చెప్పి కూర్చుంటాడు.

పుస్తకం చూసి చదివే ప్రార్థన జీవం లేనిదని అన్న గట్టిగా నమ్మేవారు. ఆత్మ నడిపించినట్టు ప్రార్థించాలనేవారు. కానీ ఆశువుగా సాగే ఆయన ప్రార్థనలో "ఈ ఘడియ వరకు మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు" అన్నది ఎప్పుడూ మొదటే వచ్చేది, "యోగ్యత లేని మమ్మల్ని" అన్నది దాని వెనకే వచ్చేది, "నీ రెక్కల నీడలో" అనగానే ముగింపు దగ్గర పడిందని పిల్లలం చెప్పులు వెతుక్కోవడానికి సిద్ధమయ్యేవాళ్లం. తాతయ్య పుస్తకంలో కనీసం వారం వారం ప్రార్థన మారేది.

బట్టల సంగతి కూడా చెప్పాలి. ఆడంబరం మీద అన్నకు నిజంగానే అసహ్యం ఉండేది. ఆయన ఇస్త్రీ లేని, వెలిసిన చొక్కాతోనే వాక్యం చెప్పడానికి నిలబడేవారు. అది చూసి ఎంత నిరాడంబరుడు అని సంఘమంతా మెచ్చుకుంది. కొంతకాలానికి యౌవనస్థులందరి చొక్కాలూ వెలిసిపోయాయి. మా నానమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గాని ఒక ఆదివారం వాళ్లను చూసి, "ఇస్త్రీ చేసిన చొక్కాకన్నా ఇస్త్రీ చేయని చొక్కాకే ఈ పిల్లలు ఎక్కువ కష్టపడుతున్నారు" అన్నారు.

అన్నకు అన్నిటికన్నా ఇష్టమైన చరిత్ర, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, గురువుగా అభిషేకం పొంది, వారానికి రెండు రోజులు ఉపవాసముండి, చెరసాలల్లో ఉన్నవారిని దర్శించి, సముద్రం దాటి జార్జియాకు మిషనరీగా కూడా వెళ్లివచ్చిన మనిషి, ఇవన్నీ అయిన తర్వాత 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికకు అయిష్టంగానే వెళ్లి, రోమీయులకు రాసిన పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా, తన హృదయం వింతగా వెచ్చబడిందని దినచర్యలో రాసుకున్నాడు. "అంతవరకు వెస్లీ కూడా నామకార్థ క్రైస్తవుడే" అని ముగించేవారు అన్న. ఒకసారి ఆ మాట విన్న తాతయ్య, అన్న మా ఇంటికి వచ్చినప్పుడు, "బాబూ, ఆ వెస్లీయే 1784లో అమెరికాలోని మెథడిస్టుల కోసం మన ప్రార్థనా పుస్తకాన్నే కొంత కుదించి అచ్చు వేయించి పంపించాడు. హృదయం వెచ్చబడిన నలభై ఆరేళ్ల తర్వాత" అన్నారు. అన్న నవ్వి, "అదీ నిజమేనండీ" అన్నారు. ఆ తర్వాత కూడా మా కూడికలో వెస్లీ చరిత్ర 1738 దగ్గరే ఆగిపోతూ ఉండేది.

మత్తయి సువార్త ఇరవై మూడో అధ్యాయం మీద అన్న వరుసగా కొన్ని వారాలు మాట్లాడారు. ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదులైన పరిసయ్యులు మనుష్యులకు కనబడాలని తమ రక్షరేకులను వెడల్పుగా, చెంగులను పెద్దవిగా చేసుకుంటారన్న మాట వివరిస్తూ, పైన కనబడే ఏ గుర్తు అయినా అబద్ధానికే దారి తీస్తుందన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట నేను తాతయ్యతో చెప్పాను, ఆయన ఏమంటారో చూద్దామన్న కుతూహలం కొంత కలిపి. ఆయన సంఖ్యాకాండం పదిహేనో అధ్యాయం తెరిచి చూపించారు. బట్టల అంచులకు కుచ్చులు పెట్టుకోవాలని, వాటిని చూసినప్పుడు ఆజ్ఞలు జ్ఞాపకం చేసుకోవాలని దేవుడే ఇశ్రాయేలీయులకు చెప్పిన భాగం అది. తర్వాత మత్తయి తొమ్మిదో అధ్యాయానికి తిప్పారు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వెనకనుంచి వచ్చి ముట్టుకున్నది యేసు వస్త్రపు చెంగును. "ఆయన బట్టకూ చెంగు ఉంది గదా" అన్నారు తాతయ్య. "పెద్దది చేసుకోలేదు. కత్తిరించుకోనూ లేదు." అన్న చెప్పిన ఆ ఇరవై మూడో అధ్యాయంలోనే, పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదియవ వంతు ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలిపెట్టిన వారితో యేసు, పదియవ వంతు ఇవ్వడం మానేయమని చెప్పలేదని, ఇవి మానకుండా అవి కూడా చేయవలసి ఉండెనని అన్నాడని నేను ఆ తర్వాత చదువుకున్నాను. అన్న ప్రసంగంలో ఆ చివరి సగం రాలేదు.

నానమ్మ సంగతి వేరు. ఆమెకు వాదాలు పట్టవు. వారంలో ఒక రోజు ఆమె ఎప్పటికన్నా కాస్త శ్రద్ధగా తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, మాతో ఎప్పటికన్నా సరదాగా ఉంటారని నేను గమనించలేదు; గమనించే వయసు కాదు. ఒకసారి ఆమె కళ్లు తిరిగి పడిపోతే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాం. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని ఆయన గుచ్చి గుచ్చి అడిగితే, తప్పించుకోవడానికి వీల్లేక, గురువారం గురువారం ఉపవాసముండి ప్రార్థన చేసుకుంటానని తలవంచుకుని చెప్పారు. దొంగతనం బయటపడిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ నిమిషంలో ఆమె ముఖం అలా ఉంది. ఉపవాసం చేసేటప్పుడు తల అంటుకుని ముఖం కడుక్కోమని కొండమీద ప్రసంగంలో ఉన్న మాటను ఆమె ఏ వివరణా లేకుండా, అక్షరాలా పాటిస్తున్నారు. అదే ప్రసంగంలో ధర్మకార్యానికీ ప్రార్థనకూ ఉపవాసానికీ మూడింటికీ ఒకే హెచ్చరిక ఉంది: మనుష్యులకు కనబడాలని చేసేవారు తమ ఫలం అప్పుడే పొంది ఉన్నారు. నానమ్మ ఆ ఫలాన్ని ఎవరి దగ్గరా ముందుగా పుచ్చుకోవడానికి ఇష్టపడలేదు.

ఆ సంగతి మా అత్తయ్య ద్వారా స్త్రీల కూడికకు చేరింది. ఉపవాస ప్రార్థన గురించి సాక్ష్యం చెప్పమని వాళ్లు పట్టుబట్టారు. నానమ్మ చెప్పలేదు సరికదా, ఆ వారం నుంచి గురువారం అందరి ముందూ కూర్చుని మూడు పూటలా తినడం మొదలుపెట్టారు. ఉపవాసం మానేశారని స్త్రీలు కొంచెం నొచ్చుకున్నారు. మానలేదని, రోజు మార్చుకున్నారని తాతయ్యకు తెలుసునని నాకు అనుమానం; ఏ రోజుకు మార్చుకున్నారో మాత్రం మాకెవరికీ తెలియదు.

చాలా కాలం తర్వాత, ఆదిమ సంఘపు నియమాల పుస్తకమైన డిడాకేను చదువుతుండగా నాకు ఇదంతా గుర్తొచ్చి గట్టిగా నవ్వొచ్చింది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత చేతిరాత ప్రతిలో దొరికిన ఆ చిన్న గ్రంథం, వేషధారులతో పాటు ఉపవాసముండవద్దని విశ్వాసులను హెచ్చరిస్తుంది. ఎందుకంటే వాళ్లు సోమవారం, గురువారం ఉంటారు. మీరు బుధవారం, శుక్రవారం ఉండండి, అంటుంది. వేషధారణకు అంత సులువైన మందు ఉంటుందని నేను ఊహించలేదు. రాసినవారి ఉద్దేశం తమ సమాజానికి ఒక ప్రత్యేకమైన క్రమం ఏర్పరచడమే అయి ఉంటుంది గాని, లోపల ఉండవలసిన తేడాను పంచాంగంలోకి ఎక్కించడం ఎంత త్వరగా మొదలైందో ఆ ఒక్క వాక్యం చూపిస్తుంది. నానమ్మ కూడా రోజు మార్చుకున్నారు, ఎవరికీ తేడా తెలియకుండా ఉండడానికి.

నేను పైచదువుల కోసం ఇల్లు వదిలి వెళ్లిన కాలంలో అన్న పడిపోయారు. వివరాలు రాయడం వల్ల ఎవరికీ మేలు లేదు కనుక క్లుప్తంగా చెబుతాను. పరిచర్య కోసమని కొంత, సొంత అవసరాలకని కొంత, సంఘంలోని అనేక కుటుంబాల దగ్గర అప్పులు చేశారు. ఏది దేనికోసమో ఆయనకే తెలియనంతగా అవి కలిసిపోయాయి. తీర్చలేని స్థితి వచ్చినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పారు. ఆ మాటలన్నీ ఒకచోట చేరిన రోజున ఆయన సంఘానికి రావడం మానేశారు. అప్పిచ్చిన వారిలో మా తాతయ్య కూడా ఉన్నారన్న సంగతి ఇంట్లో వాళ్లకు కూడా చాలా ఆలస్యంగా తెలిసింది.

సెలవులకు ఇంటికి వచ్చిన నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది అన్న చేసిన పని కాదు, ఆయన్ను మోసిన వారి మాటలు. చొక్కాలకు ఇస్త్రీ మానేసినవారే ఆయన్ను వేషధారి అని ముందుగా పిలిచారు. తమకు మొదటినుంచీ అనుమానం ఉందన్నారు. ఆయన ప్రసంగాల్లోంచి ముక్కలు చెప్పి నవ్వారు. లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలోని ఉపమానానికి ఉన్న బిగువు నాకు ఆ సాయంత్రాల్లో అర్థమైంది. దేవాలయంలో నిలబడి, వారానికి రెండుసార్లు ఉపవాసముంటున్నానని, తన సంపాదన అంతటిలో పదియవ వంతు ఇస్తున్నానని చెప్పుకున్న పరిసయ్యుడు అబద్ధమాడుతున్నాడని కథలో ఎక్కడా లేదు. అవన్నీ అతడు నిజంగానే చేస్తున్నాడు. పన్నులు వసూలు చేసే ఈ సుంకరి వంటివాడను కానందుకు స్తోత్రమని, పక్కవాణ్ణి చూపించి తన కొలత తీసుకోవడం దగ్గర అతడు దారి తప్పాడు. ఆ కథ విని ఇంటికి వెళ్లే ప్రతి మనిషీ, దేవా, నేను ఆ పరిసయ్యుని వంటివాడను కానందుకు స్తోత్రమని అనుకోకుండా ఉండడం దాదాపు అసాధ్యం. అనుకున్న క్షణంలో ఉపమానంలో ఖాళీగా ఉన్న ఆ చోటు నిండిపోతుంది. కపటాన్ని ఖండించడం కూడా చూడముచ్చటైన వేషమే; పైగా దాన్ని అనుమానించేవాళ్లు తక్కువ.

తాతయ్య మాత్రం ప్రతి బుధవారం సాయంత్రం అన్న ఇంటికి వెళ్లేవారు. ఆదివారం ఆరాధనకు వెళ్లినట్టే, అదే ఇస్త్రీ చొక్కా, అవే పాలిష్ చేసిన బూట్లు, చేతిలో అదే ప్రార్థనా పుస్తకం. సెలవుల్లో నేను కూడా వెంట వెళ్లాను. అన్న గోడవైపు చూస్తూ కూర్చునేవారు. తాతయ్య ఓదార్చేవారు కాదు, బుద్ధి చెప్పేవారు కాదు, అప్పు మాట ఎత్తేవారు కాదు. అలాంటి సందర్భాలకు పనికొచ్చే మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ లేవు. పుస్తకం తెరిచి సాయంకాల ప్రార్థనా క్రమం చదివేవారు. ఆ క్రమం మొదట్లోనే ఒప్పుకోలు ఉంటుంది. తప్పిపోయిన గొర్రెల్లా నీ మార్గాలనుంచి తొలగిపోయాం, చేయవలసినవి చేయకుండా విడిచిపెట్టాం, చేయకూడనివి చేశాం అని సాగే ఆ ఒప్పుకోలును చదివేవారూ వినేవారూ అన్న తేడా లేకుండా అందరూ మోకాళ్లమీద ఒకే గొంతుతో చెప్పాలి. మొదటి వారాల్లో తాతయ్య గొంతు ఒక్కటే వినిపించేది. తన సొంత మాటలన్నీ తనకే విషమైపోయిన మనిషికి, తాను కట్టుకోని మాటలు, ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన మాటలు ఎంత ఆసరా అవుతాయో నేను అక్కడ చూశాను. ఒక బుధవారం, ఒప్పుకోలు సగంలో అన్న గొంతు కలిసింది. తాతయ్య చదవడం ఆపలేదు, తలెత్తి చూడలేదు.

ఆ రోజు తిరిగి వస్తూ దారిలో ఆయన నాకు క్రాన్మర్ గురించి చెప్పారు. ఆ ఒప్పుకోలు 1552లో ఆ పుస్తకంలో చేరింది. పుస్తకాన్ని కూర్చిన థామస్ క్రాన్మర్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. కాథలిక్ మతాన్ని తిరిగి నిలబెట్టిన మేరీ రాణి కాలంలో ఆయన్ను చెరలో వేసినప్పుడు, తాను బోధించినదంతా తప్పని ఒప్పుకుంటూ ఒకటికి ఆరు పత్రాల మీద సంతకాలు పెట్టాడు. అయినా మరణశిక్ష తప్పలేదు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో, ఆ పత్రాలను అందరి ముందూ ధ్రువపరుస్తాడని జనం ఎదురుచూస్తుండగా, అవన్నీ ప్రాణభయంతో, హృదయంలో ఉన్నదానికి విరుద్ధంగా తన చేత్తో రాసినవని చెప్పి, తప్పు చేసిన ఆ చెయ్యే ముందు కాలాలన్నాడు. మంట లేవగానే కుడిచేతిని దానిలోకి చాపాడు. "సంతకం పెట్టినవాడు వేషధారి, చెయ్యి కాల్చుకున్నవాడు విశ్వాసి అని విడదీయడానికి నాకు ధైర్యం చాలదు" అన్నారు తాతయ్య. "ఇద్దరూ ఒకడే. ఆ ఒప్పుకోలు రాసినవాడూ వాడే."

తాతయ్య చివరి సంవత్సరాల్లో ఒకసారి, ఎవరూ లేనప్పుడు, నాతో ఒక మాట చెప్పారు. తన దగ్గర మంచి కబురేమీ లేదని చెప్పినట్టు చాలా మామూలుగా చెప్పారు. ఎన్నో ఏళ్లుగా ప్రార్థనలో తనకు ఏమీ అనిపించడం లేదట. వయసులో ఉండగా కొంత అనిపించేదట, తర్వాత పోయిందట, మళ్లీ రాలేదట. నేను తేరుకుని, "మరి ఇన్నాళ్లూ ఎందుకు వెళ్తున్నావు తాతయ్యా?" అని అడిగాను. "అనిపించినప్పుడు వస్తానని నేను మాట ఇవ్వలేదు గదా" అన్నారు.

ఆ మాటను ఏం చేసుకోవాలో నాకు చాలాకాలం తెలియలేదు. హృదయంలో ఏమీ లేకుండా పైకి ఆరాధన చేసేవాడినే గదా నామకార్థ క్రైస్తవుడంటారు? ఆ లెక్కన యౌవనస్థులు పెట్టిన పేరు సరైనదే అయిపోతుంది. 2007లో, మదర్ తెరెసా మరణించిన పదేళ్లకు, ఆమె తన ఆత్మీయ గురువులకు రాసిన ఉత్తరాలు వెలుగులోకి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న లోకమంతా అడిగింది. దశాబ్దాల పాటు దేవుని సన్నిధి తనకు తెలియలేదని, లోపలంతా చీకటిగా ఉందని, తన చిరునవ్వు ఆ చీకటిని కప్పిన పెద్ద ముసుగు లాంటిదని ఆమె రాసుకుంది. అది కపటమేనని కొందరన్నారు. నాకు మాత్రం ఆ ఉత్తరాలు చదువుతున్నంతసేపూ తాతయ్య కుర్చీ కనబడింది. కపటి తన దగ్గర లేని వెచ్చదనాన్ని నలుగురి ముందు చూపించి దానికి తగిన గౌరవం పుచ్చుకుంటాడు. ఈ ఇద్దరూ లేని వెచ్చదనం కోసం పని ఆపలేదు. తాతయ్య విషయంలో గౌరవం కూడా దక్కలేదు. పొడి మనిషి, పుస్తకం మనిషి అన్న పేరే మిగిలింది. లోపలి పొడితనాన్ని నలుగురిలో చెప్పుకుని ఉంటే అదీ ఒక గొప్ప సాక్ష్యంగా చెల్లేది, కొందరు కన్నీళ్లు పెట్టుకునేవారు కూడా. ఆ పని ఆయన చేయలేదు. లోపల ఉన్నది నిజం, పైన ఉన్నది వేషం అని గీత గీయడం మాకు యౌవనస్థుల కూడిక నేర్పింది. ఆయన్ను పెట్టడానికి మాత్రం ఆ గీతకు ఏ పక్కనా చోటు దొరకదు. ఎవరు చూడాలని అన్న ప్రశ్న వేసుకుంటేనే ఆయన కొంచెం అర్థమవుతారు.

అన్న సంగతి మిగిలింది. ఆయన అప్పులు తీర్చడం మొదలుపెట్టడానికి చాలాకాలం పట్టింది, మొదలుపెట్టాక ఆపలేదు. చిన్న మొత్తాలు ఇచ్చినవారికి ముందు, పెద్ద మొత్తాలు ఇచ్చినవారికి తర్వాత చెల్లించారు. మా వంతు వచ్చేసరికి తాతయ్య లేరు, నానమ్మ తీసుకున్నారు. వద్దని ఆమె అనలేదు. అది నాకు అప్పుడు కొంచెం కరుకుగా అనిపించింది గాని, వద్దని ఉంటే ఆయనకు నిలబడడానికి చోటు ఉండేది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. సుంకరి అయిన జక్కయ్య ఇంట్లో యేసు, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పిన మాట, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానని జక్కయ్య లెక్క చెప్పిన తర్వాతే వస్తుంది. ఆ లెక్క రక్షణకు వెల కాదని వ్యాఖ్యాతలు జాగ్రత్తగా చెబుతారు; నిజమే, అయినా ఆ కథలో జక్కయ్య హృదయం గురించి మనకు చెప్పినది ఆ లెక్క ఒక్కటే.

ఇప్పుడు అన్న మరో సంఘంలో ఉన్నారు. కూడికలు నడిపించరు. సాక్ష్యం చెప్పమంటే ఒప్పుకోరు. చదవడం రాని పెద్దవారికి వారం వారం బైబిలు చదివి వినిపిస్తారు, అర్థం అడిగితేనే చెబుతారు. మా పాత కూడికలోని వారు ఎప్పుడైనా కలిసినప్పుడు, మాట అటు తిరిగి, "ఆయన నిజంగా మారాడంటావా?" అని నన్ను అడుగుతుంటారు. అందరి అప్పూ తీర్చారని చెబుతాను. అది కాదు, లోపల మారాడా అని మళ్లీ అడుగుతారు. అందరి అప్పూ తీర్చారని మళ్లీ చెబుతాను.